ఇరవై నాలుగు తెల్ల కప్పులు: గ్లేజ్ సొంతంగా కలుపుకున్న నా అనుభవం

2025 జనవరి 5న మా అక్క ఫోన్ చేసి, ఏప్రిల్ 30న, అక్షయ తృతీయ నాడు గృహప్రవేశం పెట్టుకున్నామని చెప్పింది. "వచ్చినవాళ్లకి మళ్లీ స్టీలు డబ్బాలు పంచడం నాకిష్టం లేదే. నువ్వెలాగూ ఆ మట్టిపని నేర్చుకుంటున్నావుగా, ఇరవై నాలుగు కప్పులు చేసిపెట్టు. తెల్లగా ఉండాలి. నీ గిన్నెల్లాగా మచ్చలు మచ్చలుగా వద్దు" అంది. ఆ మచ్చలు నేను కావాలని తెప్పించినవని చెప్పబోయి ఊరుకున్నాను.

దాదాపు నాలుగు నెలల టైముంది. బోలెడు అనుకున్నాను.

రెండేళ్లుగా సైనిక్‌పురి వైపు ఒక స్టూడియోలో శని, ఆదివారాలు కుమ్మరి సారె మీద పని చేస్తున్నాను. గ్లేజ్ అంటే మట్టి పాత్రల మీద వేసి కాల్చే గాజులాంటి పూత. ఇన్నాళ్లూ నాకు అదంటే స్టూడియో బకెట్లో కప్పు ముంచి, మూడు లెక్కపెట్టి తీయడమే. ఆ బకెట్లో ఏముందో ఎప్పుడూ అడగలేదు. అక్కడున్న తెల్లది రెడీమేడ్ గ్లేజ్, పొడి కిలో 900 రూపాయలు. ఇరవై నాలుగు కప్పులు ముంచాలంటే రెండు కిలోలు కావాలి. మా సార్ మాత్రం "నువ్వే కలుపుకోరాదమ్మా? పని నేర్చుకున్నట్టూ ఉంటుంది" అన్నారు. 1,800 మిగులుతాయని నేనూ సరేనన్నాను. చివరికి ఎంత మిగిలిందో తర్వాత చెప్తాను.

సార్ ఇచ్చిన బేస్, అంటే గ్లేజ్‌కి అసలు మిశ్రమం, గుర్తు పెట్టుకోవడం సులువు: పొటాష్ ఫెల్డ్‌స్పార్, వాలస్టొనైట్, సీసం లేని బోరాన్ ఫ్రిట్ (ముందే కరిగించి నూరిన గాజు), చైనా క్లే, క్వార్ట్జ్, ఐదూ ఇరవై పాళ్ల చొప్పున. ఎలక్ట్రిక్ కిల్న్‌లో, అంటే మట్టి కాల్చే బట్టీలో, కోన్ 6 దాకా, అంటే సుమారు 1,220 డిగ్రీల దాకా కాలిస్తే ఇది గాజులా కరుగుతుంది. కోన్ అంటే వేడి సరిపోయిందో లేదో తెలియడానికి లోపల పెట్టే చిన్న శంకువు, ఆ వేడికి వంగిపోతుంది. గాజు కాబట్టి కింది మట్టి కనపడుతుంది. మా మట్టి కాలితే లేత గోధుమ రంగు. అది కనపడకుండా మూసేయడానికి వేసే పొడినే ఒపాసిఫయర్ అంటారు. నా ముందు మూడు దారులున్నాయి: టిన్ ఆక్సైడ్, జిర్కోనియం సిలికేట్, టైటానియం డయాక్సైడ్. మూడూ తెల్లటి పొడులే. సీసాల మీద పేర్లు చెరిగిపోతే ఏది ఏదో చెప్పడం నా వల్ల కాదు.

జనవరి 8న ఆర్డర్ పెట్టాను. ఐదు రకాల బేస్ సామాను 2,900. టిన్ పావు కిలో 1,150. జిర్కోనియం సిలికేట్ కిలో 380. రవాణా 640. ఇక్కడే ఒక పొరపాటు తృటిలో తప్పింది. లిస్టులో జిర్కోనియం ఆక్సైడ్ అని ఇంకో సరుకు ఉంది, ధర చాలా ఎక్కువ. ఖరీదైనదే మంచిదనుకుని దాన్నే టిక్కు పెట్టాను. సార్ చూసి కొట్టేయించారు. గ్లేజ్‌కి వాడేది సిలికేట్, అంటే జిర్కాన్ ఇసుకను మెత్తగా నూరిన పొడి.

టైటానియం మాత్రం ఆ ఆర్డర్లో లేదు. బేగంబజార్ దగ్గర పెయింటు రసాయనాలమ్మే కొట్లో దొరుకుతుందంటే వెళ్లాను. "రూటైల్ కూడా కొంచెం ఇవ్వండి" అన్నాను, రూటైల్ కలిపితే గ్లేజ్‌లో చారలొస్తాయని విన్నాను కాబట్టి. కొట్టాయన రెండు కవర్లిచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే రెండింట్లోనూ ఒకేలాంటి తెల్లటి పొడి. పెయింటు వాళ్ల భాషలో రూటైల్ అంటే టైటానియంలో ఒక గ్రేడ్, స్వచ్ఛమైన తెలుపు. మట్టిపని వాళ్లు రూటైల్ అనేది ఇనుము కలిసిన ఖనిజం, గోధుమ రంగు పొడి. ఆయన తప్పేమీ లేదు. ఆ అర కిలోకి 260 పోశాను, దాన్ని మామూలు టైటానియంగానే వాడాను.

సంక్రాంతి సెలవుల వల్ల పార్సిల్ జనవరి 23న గానీ రాలేదు. అందులో వాలస్టొనైట్ లేదు. "రెండు వారాల్లో పంపిస్తాం మేడమ్" అన్నారు. ఫెల్డ్‌స్పార్ సంచీ చూసి మా సార్ నవ్వారు. పాలమూరు వైపు ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ గనులున్నాయి. మనమేమో అదే రాయిని వేరే రాష్ట్రం నుంచి రవాణా ఖర్చు పెట్టి తెప్పించుకుంటున్నాం అన్నారు.

ఆగలేకపోయాను. వాలస్టొనైట్ అంటే కాల్షియం, సిలికా కలిసిన ఖనిజమే కదా, సుద్ద పొడి, క్వార్ట్జ్ కలిపితే సరిపోతుందని ఇంటర్ కెమిస్ట్రీ గుర్తు తెచ్చుకుని లెక్క వేశాను. 20 గ్రాముల వాలస్టొనైట్ బదులు సుమారు 17 గ్రాముల సుద్ద, 10 గ్రాముల క్వార్ట్జ్. లెక్క కరెక్టే. జనవరి 26న సెలవు రోజు బాల్కనీలో కూర్చుని వంద గ్రాములు కలిపి, అందులో 5 గ్రాముల టిన్ వేశాను. దాన్ని ఒక చిన్న మట్టి పలకకి పట్టించి ఇస్తే ఫిబ్రవరి 1న కిల్న్‌లో పెట్టారు, 3న తీశారు. పలక తెల్లగానే ఉంది. కానీ దాని నిండా సూదితో పొడిచినట్టు చిల్లులు. సుద్ద బరువులో 44 శాతం కాలేటప్పుడు వాయువుగా పోతుంది. ఫ్రిట్ తొందరగా కరిగి పైన మూత వేసిందంటే, ఆ వాయువు బుడగలుగా లేచి పైపొరను పగలగొట్టుకుని వస్తుంది. వాలస్టొనైట్‌కి ఆ బాధ లేదు. రాసే లెక్క ఒకటైతే కిల్న్ చేసే లెక్క ఇంకొకటని అప్పుడు అర్థమైంది.

కలిపే పని గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు.

పొడులన్నీ మైదాలా ఎగురుతాయి. క్వార్ట్జ్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళితే తిరిగి రాదు. ఎన్95 మాస్కు లేకుండా సంచీ మూతి విప్పకూడదు, కింద పడింది చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డతో తుడవాలి. ముందు నీళ్లు పోసి పొడిని మెల్లగా వాటిలో జార్చాలి. పొడి మీద నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. ఇది అట్ల పిండి కలిపినవాళ్లందరికీ తెలిసిందే, అయినా మొదటిసారి నేను అదే తప్పు చేశాను. మా అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసి, లోపలికెళ్లి పాత చెక్క కవ్వం తెచ్చిచ్చారు. "మళ్లీ దీన్ని వంటింట్లోకి తేవద్దు" అన్నారు. ఇప్పటికీ దానితోనే కలుపుతున్నాను. జల్లెడ కోసం రాణిగంజ్ వెళ్లి 80 మెష్ స్టీలు జాలీ ముక్క కోయించుకుని, అడుగు కోసేసిన ప్లాస్టిక్ డబ్బాకి బిగించాను. అన్నీ కలిపి 420. మిల్లీగ్రాముల తేడా చూపించే చిన్న కాటా 650.

జల్లెడ పట్టాక అడుగున మిగిలేది చూస్తే కంగారు పుడుతుంది. నాకు మొదటిసారి అర చెంచాడు మిగిలింది. పారేయబోయాను. "అది పారేస్తే నీ లెక్క మారిపోతుంది. వేలితో నలిపి దింపు" అన్నారు సార్. నలుపుతూ చూస్తే అందులో చాలావరకు టిన్ ఉండలే. గ్రాము నాలుగున్నర రూపాయల పొడిని సింకులో పోయబోయాను.

వాలస్టొనైట్ ఫిబ్రవరి 5న వచ్చింది. 8, 9 తేదీల్లో పది పలకలు చేశాను. వంద గ్రాముల బేస్‌కి టిన్ 3, 5, 7 గ్రాములు. జిర్కాన్ 6, 9, 12. టైటానియం 4, 6, 8. ఒకటి ఏమీ కలపని బేస్. పలకలు ఎల్ ఆకారంలో నిలబడేట్టు చేసి, ఒక అంచున దువ్వెనతో గీతలు గీశాను, ఎత్తుపల్లాల మీద గ్లేజ్ ఎలా నిలుస్తుందో తెలియడానికి. వెనకాల నంబర్లు మాత్రం మామూలు పెన్సిల్‌తో రాశాను. పెన్సిల్ రాత కాలిపోతుంది. ఆ సంగతి మరిచిపోయాను. కిల్న్ చూసే అన్న చూసి, ఎర్ర ఇనుప ఆక్సైడ్ నీళ్లలో ముంచిన బ్రష్ చేతికిచ్చాడు. లేకపోతే పది తెల్ల పలకల ముందు దిక్కులు చూస్తూ కూర్చునేదాన్ని.

కిల్న్ ఏడున్నర కిలోవాట్లది, త్రీ ఫేజ్. శనివారం పొద్దున మొదలుపెడితే రాత్రికి 1,220 అందుకుంటుంది. తర్వాత సోమవారం దాకా ఎవరూ మూత ముట్టుకోకూడదు. ఆదివారం నాకు పనేమీ ఉండదు, అయినా ఏదో వంక పెట్టుకుని స్టూడియోకి వెళ్లి కంట్రోలర్ మీద అంకె చూసి వచ్చేదాన్ని. 412. సాయంత్రానికి 230. అన్న ఆ అంకె 80 కంటే కిందికి దిగితే గానీ మూత ఎత్తడు. బతిమాలినా లాభం లేదు.

ఫిబ్రవరి 17న తీశారు. ముందు బేస్ పలకే చేతిలోకి తీసుకున్నాను. చల్లగాలి తగలగానే టింగ్, టింగ్ అని సన్నగా మోగింది. దగ్గరగా చూస్తే గ్లేజ్ నిండా వెంట్రుకంత సన్నటి పగుళ్లు. మట్టి కంటే గ్లేజ్ ఎక్కువ కుంచించుకుపోతే ఇలా అవుతుంది. అదే బేస్‌లో జిర్కాన్ 9, 12 వేసిన పలకల మీద ఒక్క పగులూ లేదు. జిర్కాన్ గ్లేజ్ వ్యాకోచాన్ని తగ్గిస్తుంది. తెలుపు కోసం వేసిన పొడి పగుళ్లను కూడా ఆపుతుందని నేను అనుకోలేదు.

మూడు తెలుపులూ పక్కపక్కన పెట్టాక తెలిసింది తేడా. టిన్ 3లో మట్టి లీలగా కనపడుతోంది. 5లో దువ్వెన గీతల అంచుల మీద మాత్రమే లేత గోధుమ రంగు తేలింది, మిగతా అంతా గట్టిపాల రంగు. 7లో పూర్తిగా మూసుకుపోయింది. జిర్కాన్ 6 బియ్యం కడుగులా ఉంది, 12 అయితే ట్యూబ్‌లైట్ తెలుపు. ఆసుపత్రి బాత్రూం గుర్తొచ్చింది. టైటానియం వేసినవి అసలు తెల్లగానే లేవు. 8 శాతంది మీగడ రంగులో, అక్కడక్కడా పసుపు జాడలతో, సన్నటి చారలతో ఉంది. మట్టిలోని ఇనుముతో కలిస్తే టైటానియం అలా పసుపు తిరుగుతుంది. పైగా అది కరిగి, చల్లారేటప్పుడు మళ్లీ స్ఫటికాలుగా పేరుకుంటుంది కాబట్టి కిల్న్ చల్లారే వేగాన్ని బట్టి కూడా రంగు మారుతుంది. టిన్, జిర్కాన్ అలా కావు. చాలావరకు కరగకుండా సన్నటి రవ్వలుగా గాజులో వేలాడి వెలుతుర్ని చెదరగొడతాయి. బియ్యం కడుగు తెల్లగా కనపడేది కూడా అందుకే.

నాకు నిజంగా నచ్చింది టైటానియం పలక. అక్క ఫోటో చూసి "ఇది పాతబడిన కుక్కర్ గాస్కెట్‌లా ఉంది" అంది. టిన్ ఖాయం చేశాను, 5కీ 7కీ మధ్యలో 6 శాతం.

కప్పులు సారె మీద మొత్తం 44 చేశాను, బిస్క్ కాల్పులో, అంటే గ్లేజ్ వేయకముందు కాల్చే మొదటి కాల్పులో, రెండు పోయాయి. మార్చి మొదటి వారం కిలో టిన్ గ్లేజ్ కలిపి ఎనిమిది కప్పులు ముంచాను. 8న కిల్న్ ఎక్కించారు. షెల్ఫ్‌కి 900 అద్దె. మిగతా షెల్ఫ్‌లలో వేరేవాళ్ల సామాన్లు.

మార్చి 10న మూత ఎత్తాక ఒక కప్పు తీసి వెలుతురులో తిప్పాను. ఒకవైపు తెలుపు. రెండోవైపు గులాబీ రంగు. అచ్చం ఎవరో బుగ్గ గిల్లినట్టు. ఇంకో రెండూ అలాగే. మూడూ షెల్ఫ్‌లో ఒకే వైపున్నవి, ఆ రంగు కూడా ఒకే దిక్కుకి తిరిగి ఉంది. ఆ దిక్కున పక్కనే పెట్టినవి మా బ్యాచ్‌లో ఒకావిడ చేసిన ఆకుపచ్చ గిన్నెలు.

సార్ వచ్చి చూసి తల పట్టుకున్నారు. ఆ ఆకుపచ్చలో క్రోమియం ఆక్సైడ్ ఉంది. అంత వేడిలో క్రోమియం కొద్దిగా ఆవిరై కిల్న్‌లో తిరుగుతుంది. ఆ ఆవిరి టిన్ ఉన్న గ్లేజ్‌ని తాకితే గులాబీ రంగు వస్తుంది. కావాలని గులాబీ తెప్పించాలన్నా టిన్‌లో చిటికెడు క్రోమ్ వేస్తారట. గ్లేజ్‌లో కాల్షియం బాగా ఉండి జింకు లేకపోతే ఇంకా బాగా పడుతుంది. నా బేస్‌లో కాల్షియం దండిగా ఉంది, జింకు లేదు. పిలిచి పీట వేశానన్నమాట.

ఆవిడ మీద కోపం వచ్చిందని దాచడమెందుకు. రెండు రోజులు పలకరించలేదు. ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు. తెలిసిన సార్ ఆ శనివారం ఊళ్లో లేరు. ఇప్పుడు కిల్న్ పక్కన బోర్డు మీద ఎవరి గ్లేజ్‌లో టిన్ ఉందో, ఎవరిదాంట్లో క్రోమ్ ఉందో రాస్తున్నాం. మీరు అద్దె కిల్న్‌లో కాలుస్తున్నట్టయితే పక్కన ఏం పెడుతున్నారని ఒక్క మాట అడగండి.

ఆ ఆదివారం, మార్చి 16న, మనసు బాగోక మా ఆయనతో పాతబస్తీ వెళ్లి బాద్షాహీ ఆషూర్‌ఖానా, అంటే కుతుబ్‌షాహీల నాటి పీర్ల చావిడి, చూశాను. ఇన్నేళ్లుగా మదీనా దగ్గర బట్టలు కొన్నాను గానీ ఆ సందులోకి వెళ్లనే లేదు. 1611 నాటి గ్లేజ్ పలకలు, పసుపు, నీలం, ఇవాళ కాల్చి తీసినట్టున్నాయి. 1908 మూసీ వరదకు కింది భాగంలో పలకలు దెబ్బతింటే తర్వాత ఆ చోట అదే డిజైన్ రంగులతో వేశారు. దగ్గరికెళితే ఏది గ్లేజో ఏది పెయింటో ఇట్టే తెలుస్తుంది. మా ఆయన ఐదు నిమిషాల్లో బయటికొచ్చి చాయ్ కోసం చూస్తున్నాడు. నేను ముప్పావుగంట అక్కడే ఉన్నాను.

జిర్కాన్‌కి క్రోమ్‌తో ఆ గొడవ లేదు. టిన్ కంటే ఎంతో చవక. ఇక అదే, 12 శాతం, అని నిర్ణయించుకున్నాను. మార్చి 20న ఇంట్లో కిలో కలిపాను. స్టూడియోలో అయితే నల్లా నీళ్లు. మా అపార్ట్‌మెంట్‌లో ఆ రోజు నల్లా రాలేదు, బోరు నీళ్లతో కలిపేశాను. పొద్దున మూత తీస్తే గ్లేజ్ గడ్డపెరుగులా నిలబడింది. మా బోరు నీళ్లు ఎంత ఉప్పో బక్కెట్ల అంచుల మీద తెల్ల చారలు చూస్తే తెలుస్తుంది. ఆ కాల్షియం, మెగ్నీషియం గ్లేజ్‌ని చిక్కబరుస్తాయి. నీళ్లు కలిపి పలచన చేయాలో లేదో తెలీక అలాగే ముంచాను.

22న కిల్న్‌లో పెట్టారు, 24న తీశారు. ఎనిమిదింట్లో మూడు కప్పుల పిడులు అతికిన చోట గ్లేజ్ వెనక్కి జరిగిపోయి మట్టి బయటపడింది, గోడమీద పెచ్చు లేచినట్టు. గ్లేజ్ మందంగా పడితే ఆరేటప్పుడే మూలల్లో పగులుతుంది. మామూలు గ్లేజైతే కరిగినప్పుడు పారి ఆ పగులు మూసుకునేది. జిర్కాన్ ఎక్కువైన గ్లేజ్ బాగా చిక్కగా ఉంటుంది, పారదు. సార్ అడిగిన మొదటి ప్రశ్న: "తూచావా?" తూచడం అంటే పొడి తూచడమే అనుకున్నాను. కలిపిన గ్లేజ్‌ని కూడా తూచాలట. మెడికల్ షాపులో 50 మి.లీ. సిరంజి కొని, ఖాళీది కాటా మీద పెట్టి సున్నా చేసి, నిండా గ్లేజ్ లాగి పెడితే 72 నుంచి 73 గ్రాములుండాలి. అంటే నీటికంటే 1.45 రెట్లు బరువు. నాది 79 ఉంది. ముప్పై రూపాయల సిరంజి ముందే కొని ఉంటే మూడు కప్పులు దక్కేవి.

మిగిలిన ఐదూ బాగానే ఉన్నాయని ఒకటి ఇంటికి తెచ్చి కాఫీ పోసుకున్నాను. స్టీలు చెంచాతో చక్కెర కలిపాను. తాగి చూస్తే కప్పు లోపల పెన్సిల్‌తో గీసినట్టు బూడిద రంగు గీతలు. గుండె గుభేలుమంది. గోటితో గీకితే పోలేదు, సబ్బుతో పోలేదు. కాసేపటికి గమనించాను, అవి కప్పు మీద పడ్డ గీరలు కావు, కప్పు గీకిన చెంచా. జిర్కాన్ రవ్వలు చాలా గట్టివి. ఎక్కువైతే గ్లేజ్ పైభాగం కంటికి కనపడని ఆకురాయిలా తయారై స్టీలును అరగదీస్తుంది. ఆ స్టీలు గీతలే అవి. చింతపండు, ఉప్పు వేసి రుద్దితే సగం పోయాయి. మన ఇళ్లల్లో స్టీలు చెంచా పడని కప్పంటూ ఉంటుందా? అక్కావాళ్ల అత్తగారు మొదటి రోజే కనిపెట్టి అడిగేస్తారు.

అప్పటికి ఉగాది వారం. గృహప్రవేశానికి నెల. చేతిలో 26 కప్పులే మిగిలాయి. రెడీమేడ్ బకెట్ కొనేద్దామని రెండుసార్లు అనుకున్నాను. మా ఆయన కూడా అదే అన్నాడు. ఆయన అన్నాడు కాబట్టి కొనలేదు.

రెండూ కలిపి వేస్తే ఏమవుతుందని సార్‌ని అడిగితే, చాలామంది చేసేది అదేనమ్మా అన్నారు. మరి జనవరిలోనే చెప్పొచ్చుగా అంటే నవ్వి ఊరుకున్నారు. ఏప్రిల్ 5 కిల్న్‌కి మూడు పలకలు చేశాను: టిన్ 2 జిర్కాన్ 8, టిన్ 3 జిర్కాన్ 6, టిన్ 4 జిర్కాన్ 4. ఈసారి కావాలనే ఒక్కోదాని పక్కన ఆ ఆకుపచ్చ గ్లేజ్ పూసిన చిన్న ముక్క పెట్టాం. ముక్కలిచ్చింది ఆవిడే. 7న తీస్తే 4-4 పలక అంచు గులాబీ తిరిగింది. 3-6 మీద ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే తప్ప తెలియనంత ఛాయ ఉంది. 2-8 మీద ఏమీ లేదు, కానీ అందులో మళ్లీ ఆ ట్యూబ్‌లైట్ తెలుపు తొంగిచూస్తోంది. చెంచాతో గట్టిగా రుద్ది చూశాను. 3-6 మీద పడ్డ గీతలు తడిగుడ్డకే పోయాయి. అదే ఖాయం. రెండు కిలోలకి టిన్ 60 గ్రాములు, అంటే 276 రూపాయలు, జిర్కాన్ 120 గ్రాములు, 46 రూపాయలు. టిన్ ఒక్కటే వేసి ఇంత తెలుపు తేవాలంటే దానికే ఆరొందల పైన అయ్యేది.

నల్లా నీళ్లతో కలిపాను, రెండుసార్లు జల్లెడ పట్టాను, సిరంజితో తూచాను. కప్పుల మీద దుమ్ము తడి స్పాంజితో తుడిచి ఒక రోజు ఆరబెట్టాను. 26 కప్పులూ ఏప్రిల్ 19న ఎక్కించారు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో "ఈ వారం క్రోమ్ వద్దు" అని నేనే రాశాను.

ఆ సాయంత్రం ఈదురుగాలి. ఏడుంబావుకి స్టూడియో గ్రూపులో అన్న మెసేజ్: "కరెంటు పోయింది మేడమ్, 1,060 దగ్గర." నలభై నిమిషాలు పోయింది. నేను ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఫోన్ చూస్తూనే ఉన్నాను. కరెంటు వచ్చేసరికి కిల్న్ 870కి దిగింది. అదృష్టం ఏమిటంటే అన్న అక్కడే ఉన్నాడు. ఆ కంట్రోలర్ కరెంటు పోయొస్తే తనంతట తను మళ్లీ మొదలవదు, బటన్ నొక్కేదాకా ఊరికే మెరుస్తూ ఉంటుంది. ఆయన ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఆ రాత్రికి అంతే. పన్నెండున్నరకి మళ్లీ మెసేజ్, కోన్ ఫోటో. కోన్ 6 తలవంచి కింద ఆనింది. అప్పుడు నిద్రపోయాను.

21న సాయంత్రం ఆరింటికి అంకె 78. అన్న మూత ఎత్తాడు. పై షెల్ఫ్‌లో పదమూడు కప్పులు, పిడులన్నీ ఒకే వైపుకి తిరిగి, అంచుల దగ్గర మాత్రం సన్నటి గోధుమ రంగు గీతతో ఉన్నాయి. నేనేమీ మాట్లాడలేదు. అన్నే "బాగొచ్చినయ్ మేడమ్" అన్నాడు.

మొత్తం 26లో నాలుగు పోయాయి. రెండింటికి అడుగున గ్లేజ్ తుడవడం మరిచాను, షెల్ఫ్‌కి అతుక్కుపోయాయి. షెల్ఫ్ గీకడానికి నేనే ఒక గంట కూర్చున్నాను. ఒకదానికి పిడి చీలింది. ఒకదాంట్లో చిల్లు. మిగిలిన 22కి మార్చిలో కాల్చిన టిన్ కప్పుల్లోంచి, గులాబీ పడనివి, రెండు కలిపాను. ఆ రెండూ కాస్త వెచ్చటి తెలుపు. అక్క ఇప్పటికీ కనిపెట్టలేదు. ఇచ్చేముందు ఒక కప్పులో నిమ్మరసం పిండి రాత్రంతా ఉంచి చూశాను. పొద్దున కడిగి చూస్తే మెరుపు తగ్గలేదు, రంగు మారలేదు.

ఇక ఖర్చు. సామాను, రవాణా, కాటా, జల్లెడ, మాస్కులు గట్రా కలిపి 6,700. బిస్క్‌తో సహా కిల్న్ అద్దెలు 5,700. మట్టి కాకుండా 12,400. 1,800 మిగిల్చుకుందామని మొదలుపెట్టిన పని ఇది. టిన్ సీసాలో ఇంకా వంద గ్రాములుంది, మిగతా సంచులు బాల్కనీలో సగానికి పైగా ఉన్నాయి కాబట్టి లెక్క మరీ అంత అన్యాయం కాదని మా ఆయనకి చెప్పాను. ఆయన బాల్కనీ వైపు చూశాడు.

ఏప్రిల్ 27న కప్పులు న్యూస్‌పేపర్లో చుట్టి అక్కావాళ్లింట్లో దింపాను. గృహప్రవేశం నాడు అందరికీ వాటిల్లోనే కాఫీ ఇచ్చి, కడిగి తుడిచి చేతికిచ్చి పంపింది. చెంచాలన్నీ స్టీలువే. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఖాళీ కప్పులన్నింటి లోపలికీ ఒకసారి తొంగిచూశాను.

గులాబీ పడ్డ మూడింట్లో ఒకటి స్టూడియోలో బ్రష్‌లు పెట్టుకోవడానికి ఉంచాను. ఒకటి ఆ ఆకుపచ్చ గిన్నెలావిడ అడిగి తీసుకుంది. నిన్న అక్క ఫోన్ చేసింది, చిన్నత్తగారి కప్పు పగిలిందట, అలాంటిదే ఇంకొకటి కావాలట. 3-6 గ్లేజ్ బకెట్‌లో అర లీటరు దాకా ఉంది. అడుగున గట్టిగా పేరుకుపోయింది. కవ్వంతో లేపి, మళ్లీ జల్లెడ పట్టి, తూచాలి. వచ్చే శనివారం కిల్న్‌లో చోటుందో లేదో అన్నని అడిగాను. ఉందట. బోర్డు మీద క్రోమ్ అని ఇంకెవరూ రాయలేదట.